చాట మీది గీత

పొద్దున లేవగానే మా ఇంట్లో మొదట వినిపించేది చాట చప్పుడు. మా అత్త మారెమ్మ అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని జొన్నలు చెరిగేది. చాట ఎగిరినప్పుడు ఒక చప్పుడు, గింజలు వెనక్కి జారినప్పుడు ఇంకో చప్పుడు. ఆ రెండింటి మధ్యలో ఆమె మాటలు. "పిల్లా బిక్షీ, పొయ్యి అంటుకున్నదా? పిల్లా, గా కోడిని జర ఎల్లగొట్టు." చెరుగుతూనే ఊరి సంగతులన్నీ చెప్పేది. మంచి మాట చెబితే "ఇది గట్టి" అనేది. ఎవరో కోసిన కోతలు చెబితే "ఇది తాలు" అని ఊదేసేది.

ఇప్పుడు ఆ పని నేను చేస్తున్నాను. పొద్దున్నే కాదు, పొద్దెక్కి వంట అయినాక, పెరట్లో గోడ పక్కన. అరుగు మీద కూర్చోవడం నాకింకా చేతకావడం లేదు. మాటలు కూడా రావు. చాట చప్పుడు ఒక్కటే ఉంటుంది. ఆమె పోయింది మొన్నటి చలికాలంలోనే.

మాది చెప్పులు కుట్టే ఇల్లు. మా మామ ఆశన్నను నేను చూడలేదు. నేను కాపురానికి వచ్చేసరికే ఆయన లేడు. తోలు నానబెట్టడం, అడుగులు కోయడం, కుట్టడం అన్నీ మా అత్తే చేసేది. కొడుకు ఇస్రాయేలు, అంటే మా ఆయన, ఆమె దగ్గరే పని నేర్చుకున్నాడు. ఊళ్ళో ఏ కాలు చూసినా అది ఎవరిదో మా అత్త చెప్పేది. మొహం చూడనక్కర లేదు. కాలి బొటనవేలు చూస్తే చాలు.

కానీ ఊరందరికీ చెప్పులు కుట్టిన మనిషి కాళ్ళకు చెప్పులుండేవి కావు. ఉండేవి, ఊరి బయట. కోటలాంటి దొర ఇల్లు, గడి, కనిపించే దగ్గరికి రాగానే విప్పి చంకలో పెట్టుకోవాలి. దొర గడి ముందర మా వాడవాళ్ళు ఎవరూ చెప్పులేసుకుని నడవకూడదు. ఎండకాలంలో ఆ దారి మట్టి పెనంలా కాలేది. దొర ఇంటిల్లిపాదికీ చెప్పులు మాత్రం మా ఇంటి నుంచే ఊరికే పోయేవి. మా అత్త వాటిని చంకలో పెట్టుకుని, ఉత్త కాళ్ళతో ఆ మట్టి మీద గబగబా నడిచి ఇచ్చి వచ్చేది. వచ్చి కుండలో నీళ్ళు కాళ్ళ మీద పోసుకునేది. ఏమీ అనేది కాదు. ఆమె ఏమీ అనని సంగతి అదొక్కటే.

జర్మన్ లడాయి నడుస్తున్న రోజులు. షాద్‌నగర్ సంతలో డప్పు కొట్టించారు. ఫౌజులో మోటార్లు నడిపేందుకు, బాగుచేసేందుకు మనుషులు కావాలి, ఏ కులమైనా సరే, పెద్ద చదువు అక్కరలేదు, లష్కర్‌లో పెట్టే పరీక్షలో, ఆ ఇంతిహాన్‌లో గెలిస్తే చాలు అని. సికిందరాబాదును మావాళ్ళు లష్కర్ అనే అంటారు. మా ఆయన సంత నుంచి పరుగున వచ్చి తల్లికి చెప్పాడు. ఆమె తోలు కోస్తూ తల ఎత్తకుండా విన్నది. అంతా విని ఒక్కటే అడిగింది.

"బూట్లిస్తరా?"

"ఇస్తరంట. నున్నగ మెరిసేటియి. ఇంత ఎత్తుంటయంట."

"గవి ఏసుకుని గడి ముంగట కెల్లి వస్తే ఇప్పుమంటడా దొర?"

"సర్కారు బూట్లు ఇప్పుమనేటందుకు ఎవ్వనికి గుండె ఉన్నదమ్మా?"

మా అత్త చేతిలో కత్తి ఆగింది. "అయితే పో" అంది.

వెళ్ళాడు. రెండు రోజుల్లో తిరిగి వచ్చాడు. స్టేషన్ నుంచి నడిచి వచ్చిన దుమ్ము కాళ్ళ నిండా ఉంది. అరుగు మీద కూర్చుని తల వంచుకున్నాడు. మా అత్త చెంబు ముందర పెట్టింది.

"ఏమైందిరా?"

"అంగ్రేజీ అక్షరాలు చూపిచ్చి ఇవేందన్నరు. రాలె. పానాలు, సుత్తెలు చూపిచ్చి పేర్లడిగిన్రు. సగం చెప్పిన. ఆఖర్ల ఒక కాయితం పెట్టిన్రమ్మా. ఒక దిక్కు ఒక బొమ్మ. దాని పక్కపొంటి గసొంటియే ఇంకిన్ని బొమ్మలు. ఒకటి పండుకున్నది, ఒకటి తలకిందులున్నది. గిండ్ల ఏది గదే బొమ్మ, ఏది కాదు చూసి, గదే అయినదానికి గీత కొట్టుమన్నరు. నాకన్నీ ఒక్క తీరే కొట్టినయి. అన్నిటికి గీత కొట్టిన. ఆడున్న మునిషి నవ్విండు."

"మల్ల పోవచ్చునా?"

"ఎండకాలం అయినంక మల్ల పెడతరంట. గప్పుడు గూడ తప్పితే ఇగ ఈ దిక్కు రావద్దన్నడు."

ఆ మాట మా ముగ్గురి మధ్యా అరుగు మీద కూర్చుండిపోయింది. ఇక ఒక్కసారే.

మా వాడలో ఎల్లేశం అని ఒకాయన ఉండేవాడు. మా ఆయనకు వరసకు అన్న. ఫౌజులో పనిచేసి, ఫిరంగుల మోతకు చెవులు పోయి ఇంటికి వచ్చాడు. తనకు వినబడదు కాబట్టి ఎదుటివాడికీ వినబడదనుకుని అరిచి మాట్లాడేవాడు. మా అత్త మరునాడే ఆయన్ని పిలుచుకొచ్చి, గుమ్మంలో కూర్చోబెట్టి, చేతులు తిప్పి తిప్పి సంగతి చెప్పింది.

"గింతేనా?" అని అరిచాడు ఎల్లేశం. "ఫౌజుల మాకు గూడ అక్షరాలు రాకుండె! పత్తాల మీద రాసి నేర్పిన్రు! ఒక్కొక్క పత్తా తీసి చూపుడు, గిదేందిరా అనుడు. చెప్తే పక్కకు పెట్టుడు. చెప్పకుంటె మల్ల చూపుడు. దినాం గదే పని!"

మా దిక్కున పత్తాలంటే పేకముక్కలు. అట్ట ముక్కలు మాకెక్కడివి? తాటాకులున్నాయి. ఎల్లేశం లేత ఆకులు తెచ్చి, ఎండబెట్టి, అరచేతి అంత ముక్కలుగా కోశాడు. నేను మిషన్ బడిలో రెండో తరగతి దాకా చదివాను. తెలుగు అక్షరాలు వచ్చు. అంగ్రేజీవి రావు. ఎల్లేశం బొగ్గుతో నేల మీద గీసిన అక్షరాన్ని నేను చూసి, చెప్పులు కుట్టే ఆరెతో ఆకు మీద పొడిచి పొడిచి దించేదాన్ని. చుక్కలు చుక్కలుగా అక్షరం వచ్చేది. అక్షరాలు, పానాల బొమ్మలు, మా ఆయన గుర్తు తెచ్చుకుని చెప్పిన వంకర బొమ్మలు, అన్నీ అట్లాగే చేశాను. చూపించే పని కూడా నాదే అనుకున్నాను. మొదటి రోజు చూపించాను కూడా. మా ఆయన ఒక అక్షరం తప్పు చెబితే "పోనీలే, దగ్గరికొచ్చినవ్" అన్నాను.

మా అత్త చెరుగుతున్న చాట పక్కన పెట్టింది.

"ఇటు తే. నువ్వు వాని పెండ్లానివి. నీకు వాడు చెప్పిందల్ల గట్టే. గిది చెరుగుడు పని, నేను చేస్త."

"నీకు అక్షరాలు రావు గదనే అమ్మా!" అని నవ్వాడు మా ఆయన.

"నాకు తాలు తెలుస్తది చాలు."

చాటలో గింజలు గంపలో పోసేసి, ఆరె తీసుకుని, చాట నడుమ అడ్డంగా ఒక గీత గీకింది. ముందు భాగం తాలుది, వెనక భాగం గట్టిది. చెరిగేటప్పుడు కూడా అంతే కదా, తాలు ముందుకు పోతుంది, గట్టి గింజ ఒడిలోకి వస్తుంది. ఆకు ఎత్తి చూపిస్తుంది. టక్కున చెబితే వెనక్కి. తప్పు చెబితే ముందుకు. సరిగానే చెప్పినా కళ్ళు కొట్టుకుంటే అదీ ముందుకే.

"చెప్పిన గదమ్మా, కరెక్టే గద!"

"చెప్పినవ్, గని నసిగినవ్. లోపల పురుగున్నది. తాలు."

గట్టి ఆకుల్ని వారానికోసారి చూపేది. తాలు ఆకుల్ని పొద్దున, మధ్యాహ్నం, దీపాలు పెట్టే వేళ, తోలు నానేటప్పుడు, కూడు తినేటప్పుడు చూపేది. ఆమెకు అక్షరం పేర్లు నోటికి ఆనేవి కావు. అందుకని ప్రతిదానికీ ఒక గుర్తు పెట్టుకుంది. గుడిసె అంటే 'ఏ'. పాము అంటే 'ఎస్'. కడియం అంటే 'ఓ'. నిచ్చెన ముక్క 'హెచ్'. కొడుకు 'ఏ' అంటే ఆమె మనసులో గుడిసె చూసుకునేది. ఆ లెక్కన చదవడం రాకపోయినా ఆమెను ఎవరూ మోసం చేయలేకపోయారు.

అక్షరాలు గట్టిపడ్డాయి. పానా, మరలు తిప్పే పేచ్‌కస్, ఇనుము రాకే రేతి, సుత్తె గట్టిపడ్డాయి. వంకర బొమ్మల దగ్గర మాత్రం నసుగుతూనే ఉన్నాడు, అవి గీతకు ముందు, తాలు వైపే కుప్పగా ఉండిపోయాయి.

ఒక మధ్యాహ్నం అవే చూపుతోంది. ఎల్లేశం కూడా కూర్చున్నాడు. ఒక కర్ర, దాని కొసకు ఒక పక్కకు చిన్న జెండా ఉన్నట్టు ఉండే బొమ్మ. నిలబెట్టి చూపింది. తలకిందులు చేసింది. "గదేనా?" "గదే." అడ్డం తిప్పింది. "గదే." ఈసారి ఆకు చేతిలోంచి జారి కింద పడింది. తీసి మళ్ళీ చూపింది. "గదే" అన్నాడు మా ఆయన.

"కాదు!" అని అరిచాడు, పెదవుల కదలిక చూసి మాట పట్టే ఎల్లేశం.

"ఏం కాదు? ఆకు గదే గద!" అంది మా అత్త.

"అది ఎన్కపక్క! తప్పు! ఫౌజుల గట్ల చెప్తే సున్నా!"

నేను లేచి చూశాను. నిజమే. పొడిచిన ఆకు కదా, చుక్కలు రెండు వైపులా కనిపిస్తాయి. పడినప్పుడు ఆకు బోర్లాపడింది. ఆమె వెనక వైపు చూపించింది. అది పొరపాటు అని నేను ఆకుల ముందువైపు మసి పూసి గుర్తు పెట్టబోయాను. మా ఆయన నా చేయి పట్టుకున్నాడు.

"ఆగు పిల్లా. ఆడ నన్ను తప్పిచ్చింది గిదే. గిది ఎందుకు వేరైతదో నాకు సమజ్ గాలె. ఎట్ల కాదు ఎల్లేశన్నా? ఎందుకు కాదు?"

"ఎందుకో నాకేం ఎరుక! తప్పంటే తప్పు, గంతే!"

ఇద్దరూ వాదించుకున్నారు. ఒకడు అరుస్తాడు, ఇంకొకడు వినబడని చెవికి చెబుతాడు. మా అత్త చాలాసేపు ఆ ఆకును ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. తర్వాత లేచి లోపలికి పోయి ఒక తోలు అడుగు తెచ్చింది. కొత్తగా కోసింది, ఇంకా కుట్టనిది. కొడుకు ముందు నేల మీద పెట్టింది.

"గిది ఏ కాలుదిరా?"

"ఎడమది."

వేళ్ళ వైపు తన దిక్కుకు తిప్పింది. "గిప్పుడు?"

"ఎడమదే."

అడ్డంగా పెట్టింది. "గిప్పుడు?"

"ఎట్ల పెట్టినా ఎడమదే గదనే. నన్ను తమాషా చేస్తున్నవా?"

ఆమె ఆ అడుగును తీసి బోర్లించి పెట్టింది. "గిప్పుడు?"

మా ఆయన నోరు తెరిచాడు. "కుడి" అన్నాడు మెల్లగా.

"తోలు గదే గద? ఎట్ల కుడి అయింది?" అంది మా అత్త. "నేను అడుగులు కోసేటప్పుడు చూడలేదారా నువ్వు? ఒక్కటే అచ్చు. ఒకపాలి పెట్టి కోస్త, ఎడమ. దాన్నే బోర్లేసి కోస్త, కుడి. ఎడమ చెప్పును ఊరంత తిప్పుకొని రా, కుడి కాలుకు పట్టది. బోర్లేస్తేనే పడుతది. గీ బొమ్మ గూడ చెప్పేరా. నీ కాలుకు తొడుక్కొని చూడు."

మా ఆయన ఆ ఆకును చూశాడు. తర్వాత తన కాళ్ళను చూసుకున్నాడు. ఎడమ కాలి వేళ్ళు కదిలాయి. ఆకు తిప్పాడు. మళ్ళీ ఎడమ కాలి వేళ్ళే కదిలాయి. బోర్లించాడు. కుడి కాలి వేళ్ళు కదిలాయి. పకపకా నవ్వి తల్లి మోకాళ్ళు పట్టుకున్నాడు. ఎల్లేశానికి ఏమీ వినబడలేదు గానీ ఆయన కూడా నవ్వాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో మాట మారింది. "గదేనా, కాదా" అనడం పోయి "ఎడమనా, కుడినా" అనడం వచ్చింది. ఆకు చూపగానే మా ఆయన నోటికన్నా ముందు కాలి వేళ్ళు చెప్పేవి. గీతకు ముందున్న కుప్ప కరగడం మొదలైంది.

ఈ లోపల వాడంతా ఒక పుకారు పుట్టింది. పుట్టించింది ఎల్లేశం గొంతే. పొద్దున్నే దారిన పోతూ "మారెమ్మ పిన్నీ! పత్తాలు తీసినవా? ఇస్రాయేలు ఎన్ని గెలిచిండు?" అని కేక వేసేవాడు. విన్నవాళ్ళు ఏమనుకుంటారు? ఎదురింటి ఈదమ్మ కొంగు బిగించుకుని వచ్చింది.

"ఏమే మారెమ్మా, సిగ్గు లేదా? కన్న కొడుకుతోని పత్తాలాడుతవా? ఆదివారం పాటలు పాడే ఇల్లేనా ఇది?"

"రావే ఈదమ్మా, కూసో. నీకు గూడ ఒకటి ఏస్త."

"థూ! నేను ముట్ట."

"ముట్టకు. చూడు చాలు. గిది ఎడమనా, కుడినా?"

ఈదమ్మ చూసింది. "ఎడమ" అంది. మా అత్త బోర్లించింది. "గిది?" "గదే, ఎడమ." "తాలు" అని మా అత్త ఆకును గీత ముందుకు పడేసింది. ఈదమ్మ మొహం ఎర్రబడింది. "ఏదీ, ఇంకోటి చూపు" అంది. తిట్టడానికి వచ్చిన మనిషి పొద్దు వాలేదాకా లేవలేదు. పోతూ పోతూ "రేపు పనికి పొయ్యే ముందు వస్త, నాకోసం ఆగుండ్రి" అని చెప్పి పోయింది.

వానలు పడ్డాక ఫౌజువాళ్ళు మళ్ళీ పిలిచారు. ఈసారి ముగ్గురం పోయాం. మా అత్త చాట కూడా తెచ్చింది. రొట్టెల మూట అందులో పెట్టి నెత్తిన పెట్టుకుంది. రైల్లో అందరూ మమ్మల్నే చూశారు.

"చాట ఎందుకత్తా?" అని మెల్లగా అడిగాను.

"చేతుల ఏం లేకుంటే నా పానం నిలువది పిల్లా."

లష్కర్‌లో ఒక పెద్ద ఆవరణ, గేటు దగ్గర బల్ల, బల్ల వెనక ఒక మున్షీ. వరుసలో చాలామంది ఉన్నారు. మేం ఆడవాళ్ళం పక్కన చెట్టు కింద నిలబడ్డాం. మా ఆయన వంతు వచ్చింది. అంత దూరం నుంచే అతని మెడ మీద చెమట కనిపించింది.

"నామ్?"

"ఇస్రాయేలు."

"వల్ద్?" అంటే తండ్రి పేరు.

"ఆశన్న."

"పతా?"

పతా అంటే ఏ ఊరు, ఏ ఇల్లు అని. ఆ సంగతి మా ఆయనకు తెలియక కాదు. కానీ ఎండకాలమంతా ఇంట్లో పత్తా, పత్తా అన్న మాటే చెవిలో మోగి ఉంది. టక్కున అంగీ లోపల చేయి పెట్టి తాటాకుల కట్ట తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇగో, పత్తాలు."

వరుసంతా గొల్లుమంది. మున్షీ కుర్చీలోంచి లేచాడు. "క్యా హై యే? పత్తే? జువా ఖేల్నే ఆయా?" అని, జూదం ఆడటానికి వచ్చావా అని గద్దించాడు. ఆ అరుపుకు లోపలి నుంచి ఫౌజు అధికారి, ఒక జమేదారు, వచ్చాడు. గుబురు మీసాలు, నున్నటి బూట్లు. నవ్వుతూ ఒక ఆకు తీసి వెలుతురుకు పెట్టి చూశాడు. చుక్కల్లోంచి వెలుతురు బొమ్మగా కనిపించింది. ఆయన నవ్వు ఆగిపోయింది.

"ఇవి పరీక్షలో ఇచ్చే బొమ్మలు. నీకెలా వచ్చాయి? ఎవరిచ్చారు?" అన్నాడు తెలుగులో. కోస్తా దిక్కు తెలుగు.

ఇక్కడి నుంచి వెనక్కి పంపితే అంతే. మళ్ళీ గడి ముందర ఆ మట్టి, ఆ ఉత్త కాళ్ళు. ఒక్క మా అత్తవే కాదు, మా ఆయనవి కూడా, రేపు పుట్టే పిల్లలవి కూడా.

మా అత్త నా చేతిలో రొట్టెల మూట పెట్టి, చాట పట్టుకుని బల్ల దగ్గరికి పోయింది.

"ఎవ్వరియ్యలేదు సాబూ. పోయినపాలి వీడు తప్పిన బొమ్మలు గవి. మనసుల పెట్టుకొని వచ్చిండు. నా కోడలు పొడిచింది. నేను చెరిగిన."

"చెరిగావా? ఏవిటి చెరగడం?"

ఆమె చాట కింద పెట్టి, గీత చూపించి, గట్టి ఇటు, తాలు అటు అని చెప్పింది. కళ్ళు కొట్టుకుంటే అదీ తాలే అని కూడా చెప్పింది. జమేదారు వంగి చాట మీది గీతను వేలితో తాకాడు. ఆకులన్నీ చూశాడు.

"గెలిచినవి గుర్తుపెట్టుకునేవాళ్ళను చూశాను. తప్పినవి మోసుకుపోయి ఇంట్లో సాకినవాణ్ణి చూళ్ళేదు" అన్నాడు మా ఆయనతో. తర్వాత మొహం గట్టిగా పెట్టాడు. "కానీ ఒక మాట. ఇవి లోపలికి రావు. ఇవాళ నీకు వేరే కాగితం పెడతాను. ఈ ఆకుల్లో ఉన్న బొమ్మ ఒక్కటీ అందులో ఉండదు. సరేనా?"

మా ఆయన తల్లి వైపు చూశాడు. మా అత్త ఆకులు కొంగులో పోసుకుంటూ అంది. "ఏ పశువు తోలైతేందిరా. కాళ్ళు మాత్రం రెండే. పో."

లోపలికి పోయాడు. మేం చెట్టు కింద కూర్చున్నాం. మా అత్త చాట ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్క ఆకూ తీసింది. గుడిసె. పాము. పానా. ఒక్కోటీ చూసి, లోపల ఉన్న కొడుకు చెప్పాడన్నట్టు కాసేపు ఆగి, గీతకు వెనక్కి పెట్టేది. నేను రొట్టె ఇస్తే వద్దంది. ఆఖరుకు ఒకే ఆకు మిగిలింది, ఆ జెండా బొమ్మది. దాన్ని ఎటూ పెట్టలేదు. చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

చాలాసేపటికి అందరూ బయటికి వచ్చి నిలబడ్డారు. జమేదారు కాగితం పట్టుకుని పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. గెలిచినవాళ్ళు కుడి పక్కకు, తప్పినవాళ్ళు ఎడమ పక్కకు పోవాలి. ఎడమ, ఎడమ, కుడి, ఎడమ. ఎడమ పక్క గుంపు పెరుగుతూనే ఉంది.

"ఇస్రాయేలు వల్ద్ ఆశన్న!"

మా ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు.

"కుడి!"

మా అత్త చేతిలో ఆకును చాటలో గీతకు వెనక పెట్టింది. మెల్లగా, నలగకుండా పెట్టింది.

జమేదారు మా దగ్గరికి వచ్చాడు. "అమ్మా, ఆ బొమ్మల కాగితంలో మీవాడు ఒక్కటీ తప్పలేదు. కానీ ఒక్క మాట అడుగుతాను. రాసినంతసేపూ బల్ల కింద కాలి వేళ్ళు ఆడిస్తూనే ఉన్నాడు. జబ్బేమీ లేదు కదా?"

"జబ్బేం లేదు సాబూ. చెప్పులు తొడుక్కుంటాండు."

ఆయనకేం అర్థమైందో తెలియదు. మా ఆయనా, నేనూ, మా అత్తా మాత్రం రైల్లో షాద్‌నగర్ దాకా నవ్వుతూనే వచ్చాం. ఎదురుగా కూర్చున్న ముసలాయన ఎందుకమ్మా నవ్వుతున్నారని అడిగితే, మా అత్త ఆయనకు కూడా ఆకు తీసి చూపింది.

ఫౌజులో మోటారు పని నేర్చుకుని మా ఆయన మొదటి సెలవుకు వచ్చినప్పుడు ఊరి బయటి దాకా మేం ఎదురు పోయాం. ఖాకీ బట్టలు, కాళ్ళకు బూట్లు. మా అత్త ముందు మొహం చూడలేదు. కూర్చుని బూట్లు తడిమింది. కుట్టు చూసింది, అడుగు గోటితో నొక్కి చూసింది. "కుట్టు మంచిదే. మడమ కాడ జర గట్టిగ ఉండాలె" అంది.

గడి కనిపించే చోటు వచ్చింది. అలవాటుగా నా కాళ్ళు ఆగాయి. మా అత్త కూడా ఆగింది. కానీ విప్పడానికి కాదు. చంకలోంచి ఒక కొత్త చెప్పుల జత తీసింది. ఎప్పుడు కుట్టిందో నాకు తెలియదు. తన కాలి కొలతకు తానే కుట్టుకుంది. ఎడమది తొడిగింది, కుడిది తొడిగింది.

"నడువురా" అంది.

నడిచాం. ఇస్రాయేలు బూట్లు టకటకమంటున్నాయి. గడి అరుగు మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. ఒకడు నోరు తెరిచి, ఖాకీ బట్టలు చూసి, మూసుకున్నాడు. లోపలి నుంచి దొర పిట్టగోడ దగ్గరికి వచ్చాడు. బూట్ల వైపు చూశాడు. మా అత్త చెప్పుల వైపు చూశాడు. పిట్టగోడ మీద చేయి ఆనించి అక్కడే నిలబడ్డాడు. మా ఆయన త్వరగా దాటిపోదామని అడుగులు పెద్దవి వేస్తుంటే మా అత్త వెనక నుంచి అంది.

"ఎందుకురా ఉరుకుతవ్? మెల్లగ నడువు. సప్పుడు ఇనబడాలె."

మా వాడ చేరేసరికి ఈదమ్మ ఎదురొచ్చి, బూట్లు చూసి, "గిది ఎడమ, గిది కుడి" అని వేలు పెట్టి చూపించి, "గట్టేనా మారెమ్మా?" అని అడిగింది. "గట్టేనే" అంది మా అత్త.

ఆ తర్వాత ఆమె చెప్పులు విప్పలేదు. గడి ముందర నుంచి పనున్నా లేకున్నా పోయి వచ్చేది. ఇంట్లో కూర్చుంటే నాకు తెలిసేది, ఆ అడుగుల చప్పుడు పోవడం, రావడం. లడాయి ముగిసి మా ఆయన తిరిగి వచ్చి, పాలమూరులో బస్సు నడిపే పనిలో చేరాడు. ఇంటికి వచ్చినప్పుడల్లా తల్లి ఆయన కాళ్ళ వైపు ముందు చూసేది, తర్వాతే మొహం వైపు.

చాట మాత్రం అదే. ఏటా కొత్త జొన్నలు ఇంటికి వచ్చే ముందు చాటలకూ గంపలకూ పేడ పూసి ఆరబెట్టడం మా ఇళ్ళల్లో పని. వెదురు సందులు మూసుకుంటాయి, గింజ జారదు. పేడ పూస్తే గీత మునిగిపోయేది. ఆరినాక మా అత్త ఆరె తీసుకుని దాని మీద మళ్ళీ గీత గీకేది. "ఎందుకత్తా, ఇంతిహాన్ అయిపోయింది గదా" అంటే, "జొన్నలకు అయిపోలేదే" అనేది.

ఈ ఏడు జొన్నలు రేపో మాపో వస్తాయి. నిన్న పేడ కలిపి అరుగు కింద కూర్చున్నాను. గంపలకు పూశాను. చిన్న చాటకు, బుట్టలాంటి గుల్లకు పూశాను. ఆఖరుకు ఆమె చాట తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. నడుమ గీత ఉంది. పోయిన ఏడు ఆమె చేయి కొద్దిగా వణికినట్టుంది, కొసన అది కాస్త పక్కకు పోయింది.

మా ఆయన సెలవులో ఉన్నాడు. అరుగు మీద నుంచి చూసి, "గా ఒక్కటి ఇడిసిపెట్టినవేందే? సందుల కెల్లి గింజలు కారుతయి" అన్నాడు.

"కారనియ్యి" అన్నాను.

నేను చేతులు కడుక్కుని, మిగిలిన పేడ పాదుకు వేసి, ఆ చాటను పొడిగానే తీసుకుపోయి దాని మేకుకు తగిలించాను.